కాశిమేడు బోటు ఇంజనులో నీళ్లు అడుగుదాకా దించే పని

ఏప్రిల్ 20

15వ తేదీ నుంచి వేట నిషేధం మొదలైంది. తూర్పు తీరమంతా జూన్ 14 దాకా, 61 రోజులపాటు మర పడవలు వేటకు వెళ్లవు. చెన్నై కాశిమేడు హార్బరులో బోట్లన్నీ పక్కపక్కన ఆనించి కట్టేశారు. వలలు బాగుచేసేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, ఇంజన్లు విప్పేవాళ్లు అందరికీ ఇప్పుడే చేతినిండా పని. నేను అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో పనిచేస్తాను. ఆదివారాలు మాత్రం ఇక్కడ మా బాబాయ్ బోటులోనే. ఈ నిషేధం అయ్యేలోపు పూర్తి చేయాలని పట్టుకున్న పని ఒకటే: ఇంజనును చల్లబరిచే నీళ్లు దించే ఏర్పాటును మార్చడం.

బోటు 36 అడుగుల ఫైబరుది. లోపల నాలుగు సిలిండర్ల పాత డీజిల్ ఇంజను. లారీ బ్లాకునే (సిలిండర్లుండే పోత ఇనుప భాగం) సముద్రం పనికి మలిచారు. దీనికి రేడియేటరు లేదు, హీట్ ఎక్స్ఛేంజరూ లేదు. సముద్రపు నీరే నేరుగా ఇంజనులో తిరుగుతుంది. బోటు అడుగున సముద్రపు నీటిని తెరిచి మూసే సీ కాక్ నుంచి, చెత్త వడకట్టే స్ట్రెయినరులోకి, అక్కడి నుంచి రబ్బరు ఇంపెల్లరు (రెక్కల చక్రం) ఉన్న పంపులోకి, తర్వాత గేరుబాక్సు ఆయిల్ కూలరు, ఇంజను ఆయిల్ కూలరు, బ్లాకు, దాని మీద మూతలా ఉండే హెడ్డు, వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాటు, ఎగ్జాస్టు మానిఫోల్డు చుట్టూ ఉన్న జాకెట్టు. చివరికి ఎగ్జాస్టు ఎల్బోలో పొగతో కలిసి బయటికి పోతుంది.

ఇంజను తిరుగుతున్నంతసేపూ ఈ నీరు దాన్ని కాపాడుతుంది. ఆపాక లోపల నిలిచిపోయిన నీరే ఇనుమును తింటుంది. ఈ పని మొత్తానికి మూలం ఈ ఒక్క సంగతి.

చలి దేశాల్లో ఇది అందరికీ తెలుసు. అక్కడ బోటు ఇంజనులో నీళ్లు వదిలేస్తే ఒక్క రాత్రిలో బ్లాకు పగిలిపోవచ్చు. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పోత ఇనుము దానికి సాగదు, పగులుతుంది. అందుకే వాళ్లు చలికాలం ముందు డ్రెయిన్ ప్లగ్గులన్నీ తప్పకుండా విప్పుతారు. ఆ ప్లగ్గుల దగ్గరికి చెయ్యి పోక, అన్నిటికీ హోసులు తగిలించి ఒకే చోటి నుంచి నీళ్లు దించే ఏర్పాట్లు చేసుకుంటారు. చెన్నైలో గడ్డకట్టే భయం లేదు కాబట్టి ప్లగ్గుల జోలికి పోయేవాళ్లు తక్కువ. కానీ సముద్రపు నీటిలో లీటరుకు సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది బ్లాకులో వారాల తరబడి నిలిస్తే జరిగే నష్టం మెల్లగా జరుగుతుంది కాబట్టి కంటికి కనబడదు. కనబడేసరికి హెడ్ గ్యాస్కెట్ అంచున ఇనుము గుంటలు పడి ఉంటుంది.

ఇంకో సంగతి. ఇలాంటి ఇంజన్లలో 60 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాటు పెడతారు. నీరు అంతకన్నా బాగా వేడెక్కితే అందులోని కాల్షియం లవణాలు గోడలకు పొలుసుగా పట్టేస్తాయి. ఇంజను ఆపగానే పంపు ఆగుతుంది. హెడ్డులో వేడి మాత్రం అలాగే ఉండి, కదలని నీటిని కాసేపు ఇంకా వేడి చేస్తుంది. అంటే ఆపిన తర్వాతి గంట కూడా పొలుసుకు అనువైన సమయమే.

ఏప్రిల్ 27

ముందు ఇప్పుడున్న ఏర్పాటు ఎంత పనిచేస్తోందో చూడాలనుకున్నాం. బ్లాకు పక్కన ఒక డ్రెయిన్ ప్లగ్గు ఉంది. ఇక్కడ మెకానిక్కులు డమ్మీ అంటారు. పానా పెట్టి విప్పితే డమ్మీ బయటికి వచ్చింది, నీళ్లు మాత్రం రాలేదు.

"చూశావా తమ్ముడూ, లోపల ఏమీ లేదు" అన్నాడు డ్రైవరన్న.

"ఆగన్నా, పొడిచి చూద్దాం" అని ఒక సైకిలు పుల్ల దూర్చి తిప్పాను. ముందు ఎర్రటి బురద జారింది. తర్వాత తుప్పు రేకులు ఊడిపడ్డాయి. ఆ తర్వాత నల్లటి నీరు ధార కట్టింది. డ్రైవరన్న మాట్లాడకుండా బకెట్టు తెచ్చి కింద పెట్టాడు.

ఈ ఇంజన్ల మీద పనిచేసే ప్రతివాడూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది. ప్లగ్గు విప్పితే నీళ్లు రాలేదంటే లోపల నీళ్లు లేవని అర్థం చేసుకోకూడదు. బ్లాకులో ఊడే తుప్పంతా కిందికే జారుతుంది. డ్రెయిన్ కన్నం ఉండేదీ కిందే. కాబట్టి ముందు మూసుకుపోయేది ఆ కన్నమే. పుల్లో, సన్నటి డ్రిల్ బిట్టో చేత్తో దూర్చి చూడందే ఇంజను ఖాళీ అని చెప్పకూడదు.

తర్వాత కొలత తీశాం. సీ కాక్ మూసి, ఎగ్జాస్టు ఎల్బో దగ్గర హోసు విప్పి చెక్క బిరడా కొట్టి, థర్మోస్టాటు తీసేసి, ఆ పై నుంచి గీతలు పెట్టిన బకెట్టుతో మంచినీళ్లు పోశాం. 14 లీటర్లు పట్టాయి. తర్వాత పాత డ్రెయిన్లన్నీ తెరిచి, అన్నిటిలోనూ పుల్ల దూర్చి దారి చేసి దించితే 9 లీటర్లు వచ్చాయి. మిగతా 5 లీటర్లు లోపలే ఉండిపోయాయి. పోసింది ఎంత, వచ్చింది ఎంత అన్న ఈ లెక్క తప్ప వేరే ఏ పరీక్షా నాకు నమ్మకంగా అనిపించదు. ధార ఆగిపోయిందంటే ఆ కన్నం మట్టానికి పైన నీళ్లు లేవని మాత్రమే తెలుస్తుంది.

మే 4

ఆ 5 లీటర్లు ఎక్కడున్నాయో తెలిసింది.

లారీలో ఇంజను దాదాపు సమమట్టంగా కూర్చుంటుంది. బోటులో ప్రొపెల్లరు షాఫ్టు వెనక్కి, కిందికి దిగాలి కాబట్టి ఇంజనును వెనక్కి వాలుగా బిగిస్తారు. ఫోనులో మట్టం చూసే యాప్ పెట్టి వాల్వు కవరు మీద ఉంచితే 8 డిగ్రీలు చూపించింది. పాత డ్రెయిన్ కన్నం బ్లాకు మధ్యలో ఉంది. అక్కడి నుంచి నీటి జాకెట్టు వెనక చివరికి 35 సెంటీమీటర్లు. ఆ వాలుకు లెక్క కడితే వెనక చివర డ్రెయిన్ కన్నం కన్నా దాదాపు 5 సెంటీమీటర్లు కిందుంది. లారీలో ఆ కన్నమే అట్టడుగు, బోటులో కాదు. వెనక ఒక గుంటలా నీళ్లు ఎప్పుడూ నిలుస్తూనే ఉన్నాయి. మిగిలిన కొంత నీరు పంపుకూ గేరుబాక్సు కూలరుకూ మధ్య కిందికి వేలాడే హోసులో ఉంది.

ఈ గుంట గురించి ఆలోచిస్తే అసలు ప్రమాదం ఇంకోటి కనబడింది. ఇంజను ఆయిల్ కూలరు మూతలో పెన్సిలు జింకు (చిన్న జింకు కడ్డీ) ఉంది. ఉప్పునీటిలో మిగతా లోహాల బదులు తాను కరిగిపోవడమే జింకు పని. అయితే అది కాపాడేది తనతో ఒకే నీటిలో మునిగి ఉన్న లోహాన్ని మాత్రమే. సగం నీళ్లు దించేశాక జింకు గాలిలో ఉంటుంది, వెనక గుంటలో ఉప్పునీరు వేరుగా నిలిచి ఉంటుంది. ఆ నీటికి జింకు అందదు. పైగా నీటి మట్టానికి పైన గాలి చేరింది. అంటే అరకొరగా దించిన ఇంజనులో ఆ గుంట దగ్గరి ఇనుముకు ఏ రక్షణా లేదు. అసలు దించకుండా వదిలేస్తే జింకైనా నీళ్లలో ఉంటుంది. దించితే పూర్తిగా దించాలి అని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

అదృష్టం కొద్దీ బ్లాకు వెనక చివర, ఫ్లైవీలు హౌసింగుకు ముందు, అర అంగుళం డమ్మీ ఒకటి ఉంది. రంగు కింద కప్పుబడిపోయింది. గీకితే బయటపడింది. బహుశా దాన్ని ఇంతవరకు ఎవరూ కదిలించినట్టు లేదు.

మే 11

ఆ డమ్మీ విప్పడానికే పూట పట్టింది. ఫైబరు బోటు, అడుగున డీజిలు కలిసిన నీళ్లు. అక్కడ గ్యాసు మంట పెట్టే ప్రసక్తే లేదు. ముందురోజు సాయంత్రం బాబాయ్ చేత తుప్పు వదిలించే నూనె కొట్టించి ఉంచాను. ఇవాళ హాట్ ఎయిర్ గన్‌తో డమ్మీని వదిలి చుట్టూ ఉన్న ఇనుమునే వేడి చేశాం. చిన్న సుత్తితో తట్టి, ముందు కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత విప్పే వైపు. ఇలా ముందుకీ వెనక్కీ తిప్పుతూ పోతే కదిలింది. పోత ఇనుము కదా, డమ్మీ బిగిసే ఆ మందపాటి బాస్ పగిలిందంటే బ్లాకే పోయినట్టు. కాబట్టి పొడవాటి పైపు తగిలించి బలం చూపించే పని పెట్టుకోలేదు.

డమ్మీ వెనక నీళ్లు లేవు, బురద ఉంది. స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. వంచిన తీగలతో లాగుతూ, పై నుంచి నీళ్లు కొడుతూ చాలాసేపు శుభ్రం చేశాం. ఒక చెంబు నిండా తుప్పు రేకులు, గట్టిపడిన గసి వచ్చాయి. వెనక సిలిండరు చుట్టూ నీళ్లు సరిగ్గా తిరగకపోవడం వల్లే నాలుగో సిలిండరు వైపు హెడ్డు ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉండేదని డ్రైవరన్న అన్నాడు. ఆయన చేత్తో తాకి చెప్పే మాట అది. ఆ బురద చూశాక నాకూ నిజమే అనిపించింది.

మిగిలిన పొలుసు కోసం నిమ్మఉప్పు వాడాం. గోరువెచ్చటి నీళ్లలో కలిపి, చిన్న పంపుతో బ్లాకులో తిప్పాం. ముందుగా పెన్సిలు జింకు తీసేశాం, లేకపోతే ఆమ్లం ముందు దాన్నే తినేస్తుంది. రాత్రంతా అలాగే ఉంచేయకుండా, నీళ్లు రంగు మారి నురగ తగ్గాక దించేసి, వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో ఇంకోసారి కడిగాం.

మే 18

ఏర్పాటు ఎలా ఉండాలన్న దాని మీద బాబాయ్‌తో గట్టి చర్చే జరిగింది.

నేను గీసిన బొమ్మ చూసి, "ఒరేయ్, ఇన్ని హోసులు, ఇన్ని కాక్‌లు పెడితే నడిసముద్రంలో ఏదైనా ఊడితే ఏంది గతి? ఇప్పుడు డమ్మీలు ఊడవు గదా" అన్నాడు.

ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఇంజను నీటి మట్టానికి కిందే ఉంది. ప్రతి కొత్త అతుకూ ఒక కొత్త లీకు. డ్రెయిన్ హోసు ఊడితే బ్లాకు నీళ్లు బోటు అడుగులోకి పోతాయి, ఇంజను కాలిపోతుంది, పంపు మాత్రం సముద్రాన్ని లోపలికి తోడుతూనే ఉంటుంది. కాబట్టి ఆయన ఒప్పుకునేదాకా మార్చుకుంటూ వచ్చాం.

చివరికి నాలుగు లైన్లు నిలిచాయి: బ్లాకు వెనక, ఎగ్జాస్టు మానిఫోల్డు అడుగు, ఇంజను ఆయిల్ కూలరు, పంపు తర్వాత వేలాడే హోసు. ఒక్కో లైనుకు దాని సొంత బాల్ వాల్వు. నాలుగు వాల్వులూ మెరైన్ ప్లైవుడ్ పలక మీద వరసగా, పై మూత తీయగానే చెయ్యి అందే చోట. వాల్వుల తర్వాత నాలుగూ ఒక అంగుళం పైపులో కలుస్తాయి. ఆ పైపు చివర మర మూత. అంటే ఏ వాల్వు పొరపాటున తెరుచుకున్నా ఆ మూత దగ్గర నీళ్లు ఆగుతాయి. రెండు అడ్డంకులు. ఈ రెండో మూత బాబాయ్ ప్రశ్న వల్లే వచ్చింది.

నాలుగు లైన్లూ నేరుగా ఒకే పైపులో కలిపి చివర ఒక్క వాల్వు పెడితే సులువు కదా అని మా పక్క బోటు మెకానిక్కు అన్నాడు. చూడటానికి సులువే. కానీ ఇంజను తిరిగేటప్పుడు నీటి దారిలో ఒత్తిడి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పంపు దగ్గర ఎక్కువ, మానిఫోల్డు దగ్గరికి వచ్చేసరికి తక్కువ. డ్రెయిన్ లైన్లు ఒకదానితో ఒకటి కలిసి ఉంటే నీరు ఆ అడ్డదారి పట్టుకుని పంపు నుంచి సూటిగా మానిఫోల్డుకు పోతుంది. బ్లాకుకు అందాల్సిన నీరు తగ్గిపోతుంది. ఎగ్జాస్టులో నీళ్లు బాగానే పడుతుంటాయి కాబట్టి బయటి నుంచి చూసేవాడికి అనుమానం కూడా రాదు. అందుకే కలిసే చోటికి ముందే ఒక్కోదానికి ఒక్కో వాల్వు.

బ్లాకు దగ్గర ఎల్బో (వంపు ఫిట్టింగు) పెట్టలేదు, టీ (T ఆకారంలో మూడు దారులున్న ఫిట్టింగు) పెట్టాం. ఎల్బో పెడితే పుల్ల వంపు దగ్గరే ఆగిపోతుంది. టీ పెడితే పక్క దారిలో హోసు పోతుంది, ఎదురుగా ఉన్న దారికి చిన్న మూత. ఆ మూత విప్పితే పుల్ల సూటిగా బ్లాకులోకి దిగుతుంది. తుప్పు రేకులు మళ్లీ రాకుండా ఉండవు. వాటిని తీసే దారి మొదటి రోజే ఉండాలి. ఈ మొత్తం ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఆ టీ.

మే 25

సామాను కోసం ప్యారీస్ కార్నర్ దగ్గర శెంబుదాస్ వీధికి వెళ్లాం. ఇక్కడ పైపు మరల (థ్రెడ్ల) గొడవ గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే పాత విదేశీ ఇంజన్లున్న బోటు ఎవరిదైనా ఇక్కడే చిక్కుకుంటుంది.

మన షాపుల్లో దొరికే పైపు సామానంతా బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్‌పీ మర. మా ఇంజను మీద ఉన్నది అమెరికా ప్రమాణమైన ఎన్‌పీటీ. బీఎస్‌పీ మర కోణం 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. పావు అంగుళం, 3/8 అంగుళం సైజుల్లో తేడా త్వరగా తెలిసిపోతుంది. బీఎస్‌పీకి అంగుళానికి 19 చుట్లు, ఎన్‌పీటీకి 18. కాస్త ఎక్కి పట్టేస్తుంది. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లోనే మోసం. రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. కాబట్టి హాయిగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది. కానీ కోణం కలవదు కాబట్టి మర కొసలే ఆనుకుంటాయి. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా, ఇంజను అదురుకు కొన్నాళ్లకు కారడం మొదలవుతుంది. మర గేజీ పెట్టి కోణం చూసుకోకుండా అర అంగుళం ఫిట్టింగు ఇంజనుకు ఎక్కించకండి.

అంబత్తూరులో మాకు తెలిసిన లేత్ షాపులో కంచులాంటి గన్‌మెటల్ కడ్డీ ఇచ్చి అడాప్టర్లు తిప్పించాం. ఒకవైపు ఎన్‌పీటీ, రెండోవైపు బీఎస్‌పీ. ఇకమీద బయట ఏం పాడైనా చెన్నైలో ఏ షాపులోనైనా దొరికేది తెచ్చి వేసుకోవచ్చు.

లోహం విషయంలో షాపాయన మామూలు ఇత్తడి ఫిట్టింగులు చూపించాడు. మిలమిలలాడుతున్నాయి, ధర తక్కువ. ఇంటి కొళాయికి బాగుంటాయి. ఉప్పునీటిలో మామూలు ఇత్తడి నుంచి జింకు మెల్లగా కరిగిపోతుంది, మిగిలిన రాగి గుల్లబారి గులాబీ రంగుకు తిరుగుతుంది. పైకి ఆకారం అలాగే ఉంటుంది, పానా పెట్టగానే విరిగిపోతుంది. స్టెయిన్‌లెస్‌లో 304 రకం కూడా నిలిచిన ఉప్పునీటిలో సందుల దగ్గర గుంటలు పడుతుంది. అందుకని బ్లాకుకు తగిలేవన్నీ గన్‌మెటల్, వాల్వులు 316 స్టెయిన్‌లెస్, ఫుల్ బోరువి. ఫుల్ బోరు కావాలని తెలిసే అడిగాం. మామూలు బాల్ వాల్వులో లోపలి కన్నం పైపు కన్నా చిన్నది. తుప్పు రేకు అక్కడే ఇరుక్కుంటుంది. గేటు వాల్వు అసలు వద్దనుకున్నాం. దాని గాడిలో ఇసుక చేరితే పూర్తిగా మూసుకోదు, మూసుకోలేదని చూస్తే తెలియదు కూడా.

జూన్ 1

బిగింపు రోజు. బాస్‌ల మరలు తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, అడాప్టర్లు ఎక్కించాం. వాలు మర కాబట్టి ఎంత తిప్పితే అంత ఎక్కుతుంది. అది చీలలా పనిచేసి పోత ఇనుమును చీల్చగలదు. చేత్తో ఆగినంత దాకా తిప్పి, ఆపైన పానాతో ఇంకాస్త. చాలు.

హోసులు గుడ్డ పొరలున్న గట్టి రబ్బరువి. పారదర్శకంగా ఉండే పీవీసీ పైపు వేస్తే నీళ్లు కనబడతాయని కలాసీ కుర్రాడు అన్నాడు. ఆలోచన మంచిదే కానీ ఇంజను వేడికి అది మెత్తబడి క్లిప్పు దగ్గర జారిపోతుంది. ప్రతి కొసకూ రెండు స్టెయిన్‌లెస్ క్లిప్పులు, స్క్రూలు ఎదురెదురు వైపులకు. ఏ హోసూ మధ్యలో కిందికి వంగి మళ్లీ పైకి లేవకుండా చూసుకోవడమే ఇవాళ్టి పనిలో ఎక్కువ సమయం తినింది. ఒక్క చోట హోసు జారి వేలాడినా అక్కడ మళ్లీ ఒక గుంట తయారవుతుంది.

వాల్వుల పిడులు కిందికి వేలాడినప్పుడు మూసి ఉండేట్టు తిప్పి పెట్టాం. అదురుకు పిడి జారినా మూసే వైపే జారుతుంది.

చివరి పైపు కింద బకెట్టు పట్టదు, అంత ఎత్తు లేదు. 20 లీటర్ల నూనె క్యాను అడ్డంగా కోసి తొట్టిలా చేశాం. ఇంజను నీళ్లు బోటు అడుగులోకి వదలకూడదన్నది నా నియమం. అక్కడి నూనెతో కలిసి, బోటు అడుగు నీళ్లు తోడే బిల్జి పంపు ద్వారా హార్బరులోకే పోతాయి.

థర్మోస్టాటు హౌసింగు పైన చిన్న గాలి వాల్వు కూడా పెట్టాం. నూనె డబ్బాకు ఒకే కన్నం పెడితే నూనె గుటక గుటకగా వస్తుంది, ఎదురుగా రెండోది పెడితే ధారగా దిగుతుంది. ఇంజనుకూ అదే. పైన గాలి పోకపోతే కింద నీళ్లు దిగవు.

జూన్ 8

మళ్లీ అదే కొలత. 14 లీటర్లు పోశాం. సీ కాక్ మూసి, చివరి మూత విప్పి, నాలుగు వాల్వులూ తెరిచి, గాలి వాల్వు తిప్పాం. ధార ఆగేసరికి 13న్నర లీటర్లు తొట్టిలో ఉన్నాయి. టీ మూత విప్పి పుల్ల దూర్చితే తడి తప్ప ఏమీ రాలేదు. మిగిలిన అర లీటరు గోడలకు అంటిన తడీ, గేరుబాక్సు కూలరు గొట్టాల్లో నిలిచిందీ అయి ఉంటుంది. ముందు 9 వచ్చిన ఇంజను ఇది. గాలి వాల్వు మూసి ఒకసారి చూశాం కూడా. ధార సన్నబడి ఆగి ఆగి వచ్చింది.

డ్రైవరన్నకు ఒక భయం ఉంది, అది న్యాయమైనదే. "నీళ్లు దించి సీ కాక్ మూసేసిన సంగతి మరిచి ఎవరైనా స్టార్టు చేస్తే?" రబ్బరు ఇంపెల్లరుకు నీరే కందెన. పొడిగా తిరిగితే నిమిషాల మీద రెక్కలు కాలి ఊడిపోతాయి, ఆ ముక్కలు వెళ్లి కూలరులో అడ్డం పడతాయి. ఇందుకు పాత సముద్రపు అలవాటే మంచిది. సీ కాక్ మూస్తే ఇంజను తాళం దాని పిడికే తగిలించాలి. తాళం కావాలంటే చెయ్యి సీ కాక్ మీద పడాల్సిందే. కొక్కెం పెట్టేశాం.

పలక మీద వరసక్రమం తెలుగులోనూ తమిళంలోనూ రాయించాం, మా బోటులో రెండు భాషలవాళ్లూ ఉన్నారు. మొదటి మాట ఎర్ర రంగుతో: సీ కాక్ మూయి. అది తెరిచి ఉండగా డ్రెయిన్లు తెరిస్తే సముద్రమే లోపలికి వస్తుంది. పంపులో ఇంపెల్లరు అడ్డుంటుంది కదా అని నమ్మకూడదు, అరిగిన ఇంపెల్లరు నీటిని ఆపలేదు.

మంచినీళ్లతో కడగడానికి స్ట్రెయినరుకూ పంపుకూ మధ్య ఒక టీ, వాల్వు. డ్రమ్ములో నీళ్లు నింపి, ఇంజను నడుపుతూ పంపే దాన్ని పీల్చుకునేట్టు చేయాలి. ఒత్తిడి ఉన్న కొళాయి పైపును నేరుగా తగిలించి ఇంజను ఆపి ఉంచితే, నీరు ఎగ్జాస్టు సైలెన్సరులో నిండి వెనక్కి సిలిండర్లలోకి పోయే ప్రమాదం ఉంది. ఎంత కడిగితే చాలో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) తెచ్చాను. చెన్నైలో బోరు నీళ్లు తాగే చాలా ఇళ్లలో ఉండేదే. మొదట వచ్చిన నీటికి దాని అంకెలు సరిపోలేదు. పోనుపోను తగ్గుతూ డ్రమ్ములో నీటి అంకెకు దగ్గర పడ్డాక ఆపేశాం. మంచినీళ్లు కొనుక్కునే ఊళ్లో ఈ పెన్ను వల్ల ఒక్క బకెట్టు కూడా వృథా కాదు.

రెండు మూడు రోజులు ఆపితే కడిగి దించడం చాలు. వారాల తరబడి ఆపితే, ఖాళీగా తడి ఇనుముతో వదలడం కన్నా, కడిగి దించాక తుప్పు నిరోధకం ఉన్న కూలెంటు కలిపిన మంచినీళ్లతో నింపి ఉంచడం మేలని నా అభిప్రాయం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు బోట్లు ఎన్ని రోజులు కదలలేదో అందరం చూశాం. ఈ ఏడాది ఈశాన్య రుతుపవనాల్లో అలా ఆగాల్సి వస్తే ఇదే చేస్తాం. తిరిగి బయల్దేరే ముందు ఆ కూలెంటు తొట్టిలోకి దించి దాచుకోవాలి. అది విషం, సముద్రంలోకి వదలకూడదు. కొత్త ఏర్పాటు వల్ల అదీ సులువైంది.

జూన్ 22

వేట మొదలైంది. బోటు పోయి వచ్చింది.

బయల్దేరే ముందు కట్టిన చోటే ఇంజను నడిపి చూశాం. ఎగ్జాస్టులో నీళ్లు బాగా పడ్డాయి, వేడి ముల్లు 60 దాటి కాస్త పైన స్థిరంగా నిలిచింది. తర్వాత వాల్వుల అవతల ఉన్న పైపును చేత్తో తాకి చూశాం. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆ పైపు చల్లగా ఉండాలి. ఏ వాల్వు లోపల్లోపల కారుతున్నా అక్కడ వెచ్చదనం తెలుస్తుంది. చల్లగానే ఉంది. మానిఫోల్డు లైను క్లిప్పు దగ్గర మాత్రం చెమ్మ కనబడితే ఇంకాస్త బిగించాం. కొత్త రబ్బరు మొదటి వేడికి కుదురుకుంటుంది, కాబట్టి మొదటి వేట తర్వాత అన్ని క్లిప్పులూ మళ్లీ ఒకసారి చూడాలి.

తిరిగొచ్చాక నేను లేనప్పుడే కలాసీ కుర్రాడు పలక చదువుకుని మొత్తం దించేశాడు. తొట్టిలో నీళ్ల అడుగున చిటికెడు ఎర్ర గసి ఉంది, రేకులు లేవు. నాలుగో సిలిండరు వైపు హెడ్డు ఇప్పుడు మిగతా మూడింటిలాగే ఉందని డ్రైవరన్న చెప్పాడు. బాబాయ్ పక్క బోటాయనను పిలిచి టీ మూత విప్పి చూపించాడు.

మిగిలింది సైలెన్సరు. దాని అడుగున కూడా నీళ్లు నిలుస్తాయి, ఇంజను స్టార్టు కాక ఎక్కువసేపు సెల్ఫు కొడితే అక్కడే నీళ్లు పెరిగి సిలిండర్ల దాకా వస్తాయి. దానికి ముప్పావు అంగుళం డ్రెయిన్ వేయాలి. అడాప్టరు కొలతలు లేత్ షాపుకు ఇచ్చాను.